ప్రశ్నార్థకం తర్వాత

మార్చి 3, మంగళవారం

ఈరోజు మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలకు మా సంపాదకుడు, అంటే పెద్దాయన, తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి తప్పు ఒప్పుకున్నారు. ఆ సంగతి ఆయనకింకా తెలియదు.

ఒప్పుకున్న చోటు: మా పత్రిక వెబ్‌సైటులో పాఠకుల సవరణల పేజీ. సాక్షులు: నేను, మా ఆడపడుచు. పూర్తి పాఠం: "మూలమీది బేకరీ యజమానురాలు గారు, 'మా రొట్టెలో సీసం లేదు' అని మీరు తెలిపారు. మీరు చెప్పింది నిజం. తప్పు మాదే. చింతిస్తున్నాం. సంపాదకుడు."

జరిగింది జరిగినట్టు రాస్తాను. మా ఆడపడుచు ఆఫీసు వెబ్‌సైటుకు స్క్రిప్టులు రాస్తుంది. నన్ను వార్తల నుంచి తప్పించి వెబ్ విభాగంలో కూర్చోబెట్టాక నా పక్క కుర్చీ ఆమెదే. ఈరోజు సైటుకు ఎవరెవరు వచ్చారో చూపించే చిట్టా తెరిచి పాఠం చెబుతోంది. అందులో 2:31కి బేకరీ ఆవిడ ఫారం నింపిన వరస కనిపించింది. అది ముప్పై ఒకటోసారి. ఆవిడ ఫారం నింపగానే తయారైన వెబ్ చిరునామా, అంటే లింకు, మొత్తం అక్కడే ఉంది. ప్రశ్నార్థకం ముందున్నది మాది. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా ఫారం నింపినవాళ్లది: పేరు= అని పక్కన పేరు, & గుర్తు, విషయం= అని పక్కన విషయం, మళ్లీ & గుర్తు, ఆఖరున స్థితి=0.

"ఈ స్థితి ఏమిటి?" అని అడిగాను.

"సున్నా అయితే 'పరిశీలనలో ఉంది' అని వస్తుంది. ఒకటి అయితే 'తప్పు మాదే' అని వస్తుంది. ఆ రెండో వాక్యం పెద్దాయనే రాయించారు, పేజీకి హుందాగా ఉంటుందని. ఇంతవరకు ఎవరూ వాడలేదు."

సున్నా చెరిపి ఒకటి కొట్టాను. ఎంటర్ నొక్కాను.

పైన రాసిన పాఠం స్క్రీను మీదికి వచ్చింది.

"వదినా, నువ్వు ఏ ఫైలూ మార్చలేదు," అంది ఆమె. "ఈ పేజీ నీ కంప్యూటరులో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు."

"అయితే ఆయన ఒప్పుకున్నట్టా, కాదా?"

"ఆ లింకు ఎవరికి పంపితే వాళ్ల దగ్గర ఒప్పుకున్నట్టు."

"బయటివాళ్లు చెప్పింది సరిచూడకుండా నీ స్క్రిప్టు మన పేరుతో చెప్పేస్తోంది. మా వృత్తిలో ఇలా చేస్తే ఉద్యోగం పోతుంది."

"మూడు రోజుల్లో కావాలన్నారు. మూడు రోజుల్లో ఇంతే వస్తుంది. అయినా మీ వృత్తిలో ఎవరికి పోయిందేమిటి?"

ఆమె దేని గురించి అందో నాకు తెలుసు. ఏడు నెలల క్రితం బేకరీ పొయ్యి తలుపుకు వేసిన రంగులో సీసం ఉందని పుకారు లేచింది. ప్రయోగశాల రొట్టె పరీక్షించి లేదని తేల్చింది. ఆ వార్త నాది. నేనిచ్చిన శీర్షిక "మూలమీది బేకరీ రొట్టెలో సీసం లేదు". అచ్చయిన శీర్షిక "మూలమీది బేకరీ రొట్టెలో సీసం". ఆఖరి మాట కాలమ్‌లో పట్టలేదని పెద్దాయన కోసేశారు. లోపల ఇరవై రెండు లైన్లలోనూ లేదనే ఉంది. లోపలి లైన్లు ఎవరు చదువుతారు? మర్నాడు మా ప్రూఫ్ రీడరు మాత్రం, "రొట్టెలో పద్యాలు కూడా పెడుతున్నారా," అని నవ్వారు. ఆయనకు సీసం అంటే సీసపద్యమే.

సవరణ పడలేదు. వార్త మీద నా పేరుంది కాబట్టి నన్ను వెబ్‌కు పంపారు.

నాకు కోపమేమీ లేదు. సమయం నమోదు చేస్తున్నాను, అంతే.

మార్చి 4, బుధవారం

నియమం పెట్టుకున్నాను. పేజీలు చేస్తాను, ఎవరికీ పంపను. ఈరోజు చేసినవి పద్నాలుగు.

మా ప్రూఫ్ రీడరును ఆఫీసంతా అరసున్న అంటారు. ఎవరూ వాడని ఆ గుర్తు కోసం ఆయనొక్కరే ఇప్పటికీ బాధపడతారు. ఆయనకు చేసింది: "అరసున్న గారు, 'నన్ను వర్ణమాలలోంచి తీసేశారు' అని మీరు తెలిపారు. మీరు చెప్పింది నిజం. తప్పు మాదే." పిలిచి చూపించాను. చూపించడం పంపడం కాదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ముప్పై ఏళ్లకు న్యాయం జరిగింది," అన్నారు.

ఎదురుగా ఉన్న సైకిలు షాపు 'అన్న & తమ్ముడు' పేరుతో ఒకటి చేయబోయాను. "అన్న గారు" అని మాత్రమే వచ్చింది.

"తమ్ముడేమయ్యాడు?" అన్నాను.

"& దగ్గర దిగిపోయాడు," అంది ఆడపడుచు. "స్క్రిప్టుకి & కనబడితే ఒక మాట అయిపోయినట్టు. ఫారంలో రాస్తే బ్రౌజరే దాన్ని మారువేషంలో పంపిస్తుంది. నువ్వు చేత్తో కొట్టావుగా, అందుకని."

సాయంత్రం ఇంట్లో ఆడపడుచు నోరాగలేదు. అత్తగారికి చెప్పేసింది. అత్తగారు టీ గ్లాసు పక్కన పెట్టి, "నాకూ ఒకటి చేసిపెట్టు," అన్నారు.

"ఏమని, అత్తయ్యా?"

"ఉప్పు ఎక్కువైందని నేను ముందే చెప్పాను, అని."

చేశాను. పత్రిక సంపాదకుడు మా ఇంటి కూరలో ఉప్పుకు బాధ్యత వహించి చింతించారు. అత్తగారు ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఒకసారి పైకి, ఒకసారి మనసులో చదువుకున్నారు. వండింది నేను.

మావారు లెక్కల మాస్టారు. తక్కువ మాట్లాడతారు. పద్నాలుగు పేజీలూ ఓపిగ్గా చూసి, "నీ పేరుతో ఒకటీ లేదేం?" అన్నారు.

"నేనేం తప్పు చేశాను?"

"అడిగానంతే."

మార్చి 5, గురువారం

ఈరోజు పేజీలేమీ చేయలేదు. మూడు తప్ప.

మార్చి 6, శుక్రవారం

బేకరీకి వెళ్లాను. రొట్టె కొనడానికి. మా వీధిలోనే రెండు రొట్టెల దుకాణాలున్నాయన్నది వాస్తవం. ఇది బస్సులో ఇరవై నిమిషాలు.

దుకాణం బస్ డిపో వెనక సందు మొదట్లో ఉంది. లోపల రెండు పొయ్యిలు. ఒకటే వెలుగుతోంది. రెండోదాని మీద ఖాళీ రేకులు బోర్లించి ఉన్నాయి. అద్దాల తలుపు మీద ప్రయోగశాల నివేదిక అంటించి ఉంది. అక్షరాలు చీమలంత ఉన్నాయి. ఆవిడకు యాభై ఐదుంటాయి. మోచేతుల దాకా పిండి.

"రా, పేపరమ్మా," అంది. ఏడు నెలల తర్వాత కూడా గుర్తుపట్టింది. "ఇవాళ ఏం కలిపానని రాస్తావు?"

"రొట్టె కావాలండీ."

"సీసం ఉన్నది కావాలా, లేనిది కావాలా?"

లేనిదే ఇమ్మన్నాను. కాగితంలో చుడుతూ చెప్పింది. పెద్ద బడికి రోజూ రెండువందల నలభై రొట్టెలు పోయేవి. శీర్షిక పడిన మూడో రోజున ఆపేశారు. ఇప్పుడు అన్నీ కలిపి నలభై. బడి కమిటీ ఈ నెల 12న, గురువారం ఉదయం పది గంటలకు కూర్చుంటుంది. సరఫరా మళ్లీ ఈవిడకిస్తారో, పూర్తిగా ఇంకొకరికి ఇచ్చేస్తారో ఆ రోజు తేలుతుంది. ఇంకొకరికిస్తే రెండో పొయ్యే కాదు, మొదటిదీ ఆరిపోతుంది.

"ప్రయోగశాల కాగితం చూపించారా?"

"ఏడుసార్లు చూపించా. పేపర్లో పడింది కదమ్మా, పేపరే కాదనాలి అంటున్నారు. మీ ఫారంలో రాస్తూనే ఉన్నా. రాసిన ప్రతిసారీ ధన్యవాదాలు చెబుతోంది. మర్యాద గల యంత్రం."

"ఏమని రాస్తున్నారు?"

"మా రొట్టెలో సీసం లేదు అని. ఇంకేం రాయాలి? ఉన్నమాట అంతే."

"ఇంకాస్త వివరంగా..."

"వివరంగా నువ్వు రాశావుగా. ఏమైంది?"

రొట్టె బాగుంది. బస్సులోనే సగం తినేశాను.

ఇంటికొచ్చాక ఒక పొరపాటు జరిగింది. మూడో తేదీన చేసిన పేజీ లింకును ఆడపడుచుకు పంపబోయి బేకరీ ఆవిడకు పంపాను. ఇద్దరి నంబర్లూ ఫోనులో పక్కపక్కనే ఉంటాయి.

మార్చి 7, శనివారం

పక్కపక్కన లేవు. ఇప్పుడే చూశాను. మధ్యలో యాభై ముగ్గురున్నారు.

మార్చి 8, ఆదివారం

ఉదయం 10:15కి బేకరీ ఆవిడ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో నాలుగు రొట్టెలు. ఇల్లెలా దొరికిందంటే, ఆఫీసు వాచ్‌మన్ చెప్పాడట. మా వాచ్‌మన్ దగ్గర రహస్యం దాచడం చిల్లుల గిన్నెలో నీళ్లు దాచడం.

"నిన్ను నానా మాటలూ అన్నాను, పేపరమ్మా. మనసులో ఇంకా ఎక్కువే అనుకున్నాను. పెద్దాయన చేత చెప్పించావు."

నేను రొట్టెలు అందుకున్నాను. అత్తగారు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు.

ఆవిడ ఆ పేజీని నాలుగు ప్రతులు అచ్చు తీయించింది. ఒకటి ప్లాస్టిక్ పొర వేయించి దుకాణం అద్దానికి అంటించింది. ఒకటి దుకాణం అద్దెకిచ్చినవాళ్లకు. ఒకటి తనకు. నాలుగోది శనివారం మధ్యాహ్నమే బడిలో ఇచ్చి రసీదు తీసుకుంది.

"నిన్న తొంభై పోయాయి," అంది. "అద్దం ముందు నిలబడి చదివి మరీ కొంటున్నారు."

ఆవిడ వెళ్లాక అత్తగారు ఒక రొట్టె చేతిలో పట్టుకుని బరువు చూశారు. "ఇది ఉప్పు లాంటిదేనా?" అని అడిగారు.

"ఏది?"

"ఆయన నిజంగా ఒప్పుకున్నాడా, మన ఉప్పుకి ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాడా?"

ఈ ఇంట్లో విలేకరి నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

మార్చి 9, సోమవారం

11:20కి పెద్దాయన గదిలోకి అందరినీ పిలిచారు. టేబులు మీద బడి ఉత్తరం. జతపరచిన పేజీ మీ పత్రికదేనా, బుధవారం సాయంత్రం అయిదులోగా రాతపూర్వకంగా తెలపండి, అని బడి పెద్ద టీచరు అడిగారు.

"నేను ఒప్పుకున్నానట," అన్నారు పెద్దాయన. "ఎప్పుడండీ ఒప్పుకున్నాను నేను?"

ఉత్తరం మడిచి టేబులు మీద కొట్టారు.

"మా ఇంట్లోనే ఒప్పుకోను. ఆఫీసులో ఒప్పుకుంటానా?"

డెస్కులో ఒకాయన నవ్వబోయి దగ్గాడు.

"ఎవరో సైటులో చెయ్యిపెట్టారు. వెబ్ వాళ్లు కనుక్కోండి. బడికి మాత్రం అది నకిలీ అని ఇవాళే రాసేస్తాను."

నకిలీ. అంటే ఆవిడ దొంగ కాగితం ఇచ్చినట్టు. రొట్టెలో సీసం ఉందో లేదో తర్వాతి సంగతి. నకిలీ ఇచ్చిన మనిషికి పిల్లలు తినే రొట్టె ఎవరిస్తారు?

"ఇవాళే వద్దండీ," అన్నాను. "బుధవారం దాకా గడువుంది. ఎలా జరిగిందో తేల్చి చెబుతాం."

"తేల్చండి. కానీ ఈవిడ మీద జాలి పడకండి. ఇదిగో." స్క్రీను మా వైపు తిప్పారు. పాఠకుల సవరణలు డెస్కుకు చేరే జాబితా అది. నేనెప్పుడూ తెరవలేదు. నా పని కాదు. "మా రొట్టెలో సీసం. మా రొట్టెలో సీసం. మా రొట్టెలో సీసం. ముప్పై ఒక్కసార్లు తనే చెప్పుకుంటోంది. మనం రాసింది నిజమేనని ఆవిడే అంటుంటే నేను సవరించేదేమిటి?"

ముప్పై ఒక్క వరసలు చూశాను. ఏ వరసలోనూ 'లేదు' లేదు.

కుర్చీకి వచ్చి ఆడపడుచును పట్టుకున్నాను. ఒక పక్క చిట్టా, ఒక పక్క జాబితా పెట్టించాను. చిట్టాలో ఆవిడ మాట పూర్తిగా ఉంది. ఫారం నింపాక కనబడే ధన్యవాదాల పేజీ చిరునామాలోంచే తీసుకుంటుంది కాబట్టి అక్కడా పూర్తిగా ఉంది. అందుకే ఆవిడకు అనుమానం రాలేదు. జాబితాలో మాత్రం తెగిపోయింది.

"విషయం గడికి ఒక హద్దు పెట్టా," అంది ఆడపడుచు. గొంతు తగ్గింది. "ఎవరైనా పురాణం రాస్తారేమోనని. నూట ఇరవై ఎనిమిది గుర్తులు."

"ఇది నాలుగు మాటలే కదా."

"చిరునామాలో తెలుగు తెలుగులా వెళ్లదు, వదినా. ఒక్కో అక్షరం శాతం గుర్తులూ అంకెలూ అయిపోతుంది. ఒక్క 'అ'కి తొమ్మిది గుర్తులు. గుడికీ సున్నాకీ కూడా తొమ్మిదేసి. దాన్ని మళ్లీ తెలుగు చేశాక కొలవాలి. నేను చేయకముందే కొలిచా."

కాగితం తీసుకుని లెక్కపెట్టాను. 'మా'లో రెండు ముక్కలు. 'రొట్టెలో' ఎనిమిది. 'సీసం' నాలుగు. మొత్తం పద్నాలుగు. తొమ్మిదేసి చొప్పున నూట ఇరవై ఆరు. మాటల మధ్య ఖాళీ ప్లస్ గుర్తుగా మారుతుంది, అవి రెండు. నూట ఇరవై ఎనిమిది. కత్తి పెట్టి కోసినట్టు అక్కడికి సరి.

మావారికి ఫోను చేసి సరిచూడమన్నాను. "సరిగ్గానే ఉంది," అన్నారు. "అంత సరిగ్గా ఉండటమే బాలేదు."

"నువ్వు పరీక్షించలేదా?" అని ఆడపడుచును అడిగాను.

"పరీక్షించా. 'బాగుంది' అని రాసి చూశా. బాగానే వచ్చింది."

"మన భాషలో కాదు, లేదు ఎక్కడ ఉంటాయి?"

"చివర," అంది.

జాబితాలో మిగతావి చూశాం. "మా నాన్నగారు చని" అని ఒకటుంది. దాని పక్కన డెస్కు వాళ్లు 'సానుభూతి తెలపాలి' అని రాసుకున్నారు. చిట్టాలో చూస్తే "మా నాన్నగారు చనిపోలేదు". చందాదారుల జాబితాలో నంబరు పట్టుకుని ఫోను చేశాను. ఆ నాన్నగారే ఎత్తారు. నడకకు వెళ్లి ఇప్పుడే వచ్చారట.

మార్చి 10, మంగళవారం

పాత ప్రూఫులన్నీ అరసున్న గదిలో తేదీల వారీగా కట్టలు కట్టి ఉంటాయి. ఏడు నెలల కిందటి కట్ట విప్పమన్నాను. శీర్షిక కోసింది స్క్రిప్టు కాదని, మనిషేనని పెద్దాయనకు చూపించడానికి.

ఆయన విప్పారు. శీర్షిక మీద ఎర్ర గీత. గీత కింద 'లేదు'. పక్కన పెద్దాయన పొడి అక్షరాలు. దాని కింద నీలం సిరాతో 'చూశాను' అని ఉంది. సాయంత్రం 6:05. నా సంతకం.

"గుర్తులేదా, అమ్మాయ్?" అన్నారు అరసున్న.

"ఉంది."

"ఆ రోజు నేను అడిగాను కూడా. అర్థం మారిపోయింది చూశావా అని. లోపల ఉందిగా, చాల్లే అన్నావు."

6:10కి బస్సు. అది పోతే ఏడింటి దాకా ఇంకోటి లేదు. ఇదీ వాస్తవమే. కానీ ఈ వాస్తవాన్ని మూడో తేదీన ఇక్కడ రాయలేదు. నాలుగున మావారు అడిగినప్పుడూ రాయలేదు.

"వారం రోజులుగా నవ్వుతూ తిరుగుతుంటే మర్చిపోయావేమో అనుకున్నా," అన్నారాయన. కట్ట మళ్లీ కట్టలేదు. పై కాగితం తీసి నా చేతిలో పెట్టారు.

మధ్యాహ్నం బేకరీకి వెళ్లాను. రెండో పొయ్యి మీద రేకులు తీసేశారు. అద్దం మీద ప్లాస్టిక్ పొరలో మా పెద్దాయన చింతిస్తున్నారు. కొనేవాళ్లు వెళ్లేదాకా ఆగి, చెప్పాను. సున్నా, ఒకటి, లింకు, అన్నీ. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వింది.

"అంటే మీ పెద్దాయన ఒప్పుకోలేదా?"

"లేదు."

"ఈ మాట మాత్రం పూర్తిగా పలికావు."

చేతిగుడ్డ బల్ల మీద పడేసింది.

"బడిలో నేనిచ్చిన కాగితం?"

"నకిలీ అంటామంటున్నారు. రేపు అయిదింటిలోగా."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "ఏడు నెలలు నా మాట అబద్ధం అన్నారు, భరించాను," అంది. "అప్పుడు నా చేతిలో నిజం కాగితం ఉంది. ఇప్పుడు దొంగ కాగితం పెట్టావు. దీన్ని పీకెయ్యనా?"

"గురువారం దాకా ఉంచండి."

"గురువారానికి నిజమవుతుందా?"

"చూస్తాను."

"చూశాను అని సంతకం పెట్టకు మళ్లీ," అంది. ప్రూఫు సంగతి కూడా చెప్పానన్నమాట. చెప్పినట్టు నాకు గుర్తులేదు.

రొట్టె అడిగే ధైర్యం చాల్లేదు.

మార్చి 11, బుధవారం

2:00. పెద్దాయన గది. నేను, ఆడపడుచు. టేబులు మీద మూడు కాగితాలు పెట్టాను: చిట్టాలోని వరస, జాబితాలోని వరస, ప్రూఫు.

పేజీ చేసింది నేనేనని మొదటి వాక్యంలోనే చెప్పాను. ఆయన వెనక్కి వాలారు.

"నా పేరుతో ఎన్ని ఒప్పించారు?"

"పద్దెనిమిదండీ."

"ఏమేమిటి?"

"ఒకటి ఉప్పు గురించి."

ఆయన చెయ్యెత్తి ఆపారు. నూట ఇరవై ఎనిమిది లెక్క చెప్పాను. ఆయనకు భాష మీద మమకారం. తొమ్మిదేసి గుర్తులనగానే కాగితం లాక్కుని తనే లెక్కపెట్టుకున్నారు. రెండుసార్లు. తల ఎత్తేసరికి మొహం వెలిగిపోతోంది.

"అయితే తప్పు యంత్రానిది," అన్నారు. "చెప్పరేం ముందే? సాంకేతిక లోపం వల్ల శీర్షికలో ఒక మాట రాలేదు అని రేపే వేసేద్దాం. ఆవిడ పని అయిపోతుంది, మన పరువూ ఉంటుంది."

ఒప్పుకుంటే ఆ నిమిషంలోనే అయిపోయేది. ఆవిడకు కావలసింది సవరణ. ఎవరి తప్పన్నది ఆవిడకు అక్కర్లేదు. ఒక్క క్షణం తల ఊపబోయాను.

ఆడపడుచు ఊపలేదు. "నా తప్పు నాకు రాయండి. మీ తప్పు నాకొద్దు," అంది. "శీర్షిక కోసిన రోజుకి నా స్క్రిప్టు పుట్టనేలేదు. ఆవిడ ఫిర్యాదులు మొదలయ్యాకే కదండీ మూడు రోజుల్లో ఫారం పెట్టించారు."

పెద్దాయన నా వైపు చూశారు. నేను ప్రూఫు ఆయన ముందుకు జరిపాను. ఎర్ర గీత చూశారు. కింద నీలం సిరా చూశారు.

"మీ సంతకం కూడా ఉందే."

"అవునండీ. అందుకే తెచ్చాను."

"నేను నకిలీ అని రాసేస్తే?"

"రేపు పదింటికి కమిటీ ముందుకు వెళతాను. ఆవిడ చేయలేదు, నేను చేశానని చెబుతాను. ఎలా చేశానో స్క్రీను మీద చూపిస్తాను. ఒక్క అంకె మార్చాలి, అంతే. వాళ్లు ఇళ్లకెళ్లి వాళ్లవాళ్ల పేర్లతో మార్చుకుంటారు."

ఆయన కిటికీలోంచి సైకిలు షాపు వైపు చూస్తూ ఉన్నారు. కింద ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు.

"అంటే ఏమిటండీ," అన్నారు చివరికి. "నేనే ఒప్పుకుంటే నా మాటల్లో ఒప్పుకోవచ్చు. లేకపోతే ఊరివాళ్ల మాటల్లో ఒప్పుకోవాలి."

"వాస్తవం అదేనండీ."

"నాలుగు లైన్లు. ఐదోది ఉండదు. రాసి తీసుకురండి."

3:10కి ఆడపడుచు సైటు మార్చింది. స్థితి ఇక చిరునామాలో ఉండదు. లోపలి జాబితాలో డెస్కు మారిస్తేనే మారుతుంది. ఫారం నింపినవాళ్ల మాట ప్రశ్నార్థకం వెనక వేలాడుతూ పోకుండా కవరులో పెట్టినట్టు విడిగా వెళుతుంది. హద్దు వెయ్యి అక్షరాలు, తెలుగు చేశాక కొలిచి. ఈసారి పరీక్షకు 'బాగుంది' అని రాయలేదు. 'బాగాలేదు' అని పేజీ నిండా రాసి పంపింది. పూర్తిగా చేరింది. నా పద్దెనిమిది పేజీలూ తెరిస్తే ఇప్పుడు ఖాళీ ఫారం వస్తోంది. అత్తగారికి ఇంకా చెప్పలేదు.

4:25కి సవరణ ఇచ్చాను:

"లేదు. మూలమీది బేకరీ రొట్టెలో సీసం లేదు. ఏడు నెలల క్రితం మా శీర్షికలో ఆ మాటను సంపాదకుడు తొలగించగా విలేకరి చూసి ఊరుకున్నారు. ఆ తర్వాత యజమానురాలు పంపిన ముప్పై ఒక్క సవరణల్లోనూ అదే మాటను మా వెబ్‌సైటు కోసివేసింది. తప్పు మాదే. సంపాదకుడు."

అరసున్న కంపోజ్ చేయించి తెచ్చారు. "ఐదో లైనులోకి ఒక మాట జారింది," అన్నారు.

పెద్దాయన ఎర్ర కలం తీశారు. అలవాటు ప్రకారం చివరికి వెళ్లారు. చివర ఉన్నది 'సంపాదకుడు'. కలం ఆగింది. కొంచెం వెనక్కి వచ్చారు. అక్కడ 'తప్పు మాదే' ఉంది. అక్కడా ఆగింది. మొదటికి వెళ్లి 'లేదు' చూశారు.

"దీన్ని ముందుకు ఎందుకు తెచ్చారు?"

"చివర పెడితే మనం కోసేస్తామండీ."

"చివర నుంచి కోస్తే ఇప్పుడు నేను పోతాను."

"అవునండీ."

ఆయన కలానికి మూత పెట్టారు. "అక్షరాలు అర పాయింటు తగ్గించండి," అని అరసున్నతో అన్నారు.

4:50కి బడికి రాతపూర్వక జవాబు వెళ్లింది. మీకు అందిన పేజీని మా ఉద్యోగి ఒకరు తయారు చేశారు, యజమానురాలికి సంబంధం లేదు, అందులోని విషయం నిజం, రేపటి సంచిక రెండో పేజీ చూడగలరు. సంతకం పెట్టి కాగితం నావైపు నెట్టారు. 'చూశాను' అని రాయమన్నారు. ఈసారి చివరి మాట దాకా చదివి రాశాను.

బేకరీ ఆవిడకు ఫోను చేశాను. విని, "పొద్దున డిపో దగ్గర ఉంటా, పేపరు వచ్చాక మాట్లాడదాం," అంది. పెట్టేసింది.

రేపు ఉదయం 5:20కి మొదటి కట్టలు బయల్దేరతాయి. 6 గంటలకు డిపో దగ్గరికి వస్తాయి. ఆవిడ అక్కడ ఉంటానంది, నేనూ ఉంటాను. 10 గంటలకు కమిటీ. 11 గంటలకు నేను పెద్దాయన గదిలో ఉండాలి, గుర్తింపు కార్డు అప్పగించడానికి.